బావిలోంచి లేచిన మనిషికి ఎడమచెయ్యి లేదు

"దొంగ అన్నోడు బొమ్మనన్న ఎత్తుకపోవాలె, లేకుంటె గాజుపెట్టెనన్న ఎత్తుకపోవాలె. గీ చెయ్యి ఒక్కటి వట్కపోయి ఏం జేసుకుంటడు మేడమ్?" అన్నాడు జనార్ధన్.

సుప్రజను తొలుస్తున్న ప్రశ్నా అదే. ఆమె బల్ల పక్కన వంగి, కళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకుని, మూత తీసిన గాజుపెట్టెలోని బొమ్మను చూస్తోంది. మూరెడు ఎత్తున్న మనిషి, అప్పుడే బావిలోంచి లేచి వచ్చినట్టు నిలబడ్డాడు. పంచె ఒంటికి అతుక్కుపోయింది. మీసం కొసల్లో నీటిచుక్కలు కారబోతూ ఆగిపోయాయి. భుజాల మీద లేగదూడ. దాని ముందుకాళ్లు కుడిచేత్తో పట్టుకున్నాడు. వెనకకాళ్లు పట్టుకోవలసిన ఎడమచెయ్యి మాత్రం మోచేతి దగ్గరే ఆగిపోయింది. దూడ కళ్లలో పడిపోతానేమోనన్న భయం నిన్న వేసినదే గానీ, ఇవాళ దానికి తగిన కారణం దొరికింది.

ముఖం అచ్చంగా జనార్ధన్‌ది. నిరుడు లాల్‌గడి మలక్‌పేట్‌లోని ఈ పొలంలోనే, ఈ ఇంటి వెనక బావి దగ్గరే ఒక సినిమా తీశారు. పొలం ఇచ్చినందుకూ, కొంత పెట్టుబడి పెట్టినందుకూ జనార్ధన్‌కి భూమయ్య అనే ఊరిపెద్ద వేషం దక్కింది. సినిమాలో భూమయ్య బావిలోకి దూకి లేగదూడను కాపాడతాడు. సినిమా ఎన్నాళ్లు ఆడిందో ఎవరికీ గుర్తులేదు గానీ ఆ దూకుడు మాత్రం శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఇంకా ఆడుతూనే ఉంది. పెళ్లి భోజనాల దగ్గర, పంచాయితీల్లో, ప్లాట్లు చూడవచ్చినవాళ్ల ముందు, జనార్ధన్ ఎక్కడ కూర్చున్నా "డూప్ లేకుండ నేనే దుంకిన" అనే మాటతో మొదలుపెట్టేవాడు. కొత్త లేఅవుట్‌కి భూమయ్య గార్డెన్స్ అని పేరు పెట్టాడు. ఆఫీసులో పెట్టుకోవడానికి ఈ బొమ్మ చేయించాడు. ఇంకాసేపట్లో ఊరందరి ముందు దాని మీది గుడ్డ తియ్యాలి. బయట షామియానా కింద కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"నిన్న బొమ్మ వచ్చినప్పుడు రెండు చేతులూ ఉన్నాయా?" అంది సుప్రజ.

జనార్ధన్ గడ్డం గోక్కున్నాడు. "నేను మొఖమే జూసిన మేడమ్."

"చేతులు చూడలేదా?"

"మొఖం మంచిగొచ్చింది. ఇగ చేతులెందుకు జూస్త?"

"మేడమ్‌ను ఎవలు పిలిచిన్రు అన్నా?" అంటూ గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది. సుప్రజ తల తిప్పకుండానే పోల్చుకుంది. ధర్మేందర్. గండిమైసమ్మ చౌరస్తాలో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతాడు. బోర్డు మీద కన్ను, కన్ను పక్కన భూతద్దం, కింద ‘రహస్య విచారణలు కూడా’ అని రాయించుకున్నాడు. అత్వెల్లిలో టిఫిన్ సెంటర్ పైన సుప్రజ డిటెక్టివ్ ఆఫీసు పెట్టినప్పటి నుంచీ వాళ్లిద్దరికీ పడదు. ఒకసారి పెళ్లికొడుకు తరఫున అతనూ పెళ్లికూతురు తరఫున సుప్రజా ఎంక్వైరీకి బయల్దేరి, రెండు రోజులపాటు ఒకరినొకరు వెంబడించుకున్నారు. పెళ్లి మాత్రం చక్కగా జరిగింది.

"బొమ్మ చేసిన విశ్వతేజ ఫోన్ చేశాడు," అంది సుప్రజ. "పశువుల కొట్టం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి లేవనివ్వడం లేదట."

"లేవనిస్తె ఉరుకుతడు. బొమ్మ తెచ్చేటప్పుడే చెయ్యి లేదు. పని పూర్తి కాలే. గుడ్డ కప్పి దించిపోయిండు. ఇప్పుడేమో దొంగలు వడ్డరంటడు." ధర్మేందర్ యూనిఫాం జేబులోంచి ఫోను తీసి చూపించాడు. "ఠాణాల తెలిసినాయనకు చెప్పిన. వస్తున్నరు."

"మీరు రాత్రంతా ఇక్కడే కాపలా ఉన్నారా?"

"నేనే ఉన్న. ఈగ గూడ రాలే."

"అంటే దొంగతనం జరగలేదు."

"అదే చెప్తాన గద."

సుప్రజ జనార్ధన్ వైపు తిరిగింది. "విశ్వతేజను ఇక్కడికి రప్పించండి. ఆయన చేసిన బొమ్మ, ఆయనే చూసి చెప్పాలి. దొంగే అయితే బొమ్మ ముందు దొరికిపోతాడు."

ధర్మేందర్ అడ్డం చెప్పబోయాడు గానీ జనార్ధన్ చెయ్యి ఊపాడు.

విశ్వతేజ లోపలికి వస్తూనే మనుషుల్ని చూడకుండా బొమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి. పగలు కంపెనీలో ఉద్యోగం, మిగతా పొద్దంతా బొమ్మలకు రంగులు. సుప్రజ వాళ్ల కాలనీలోనే ఉంటాడు. కాలనీలో ఎవరింటికైనా భోజనానికి వెళితే వాళ్ల చెవుల ఆకారం చూస్తూ కూర్చుంటాడని అతనికి పేరు. మోకాళ్ల మీద కూర్చుని, తెగిన మోచేతిని చాలాసేపు చూశాడు.

"విరగలేదండీ," అన్నాడు చివరికి. "చెయ్యిని విడిగా చేసి, లోపల సన్నటి ఇనప పుల్ల పెట్టి అతికించాను. ఎవరో మెల్లగా తిప్పి లాగారు. పుల్ల వంగింది చూడండి. తియ్యాలని తీశారు."

"తీసినోడు నువ్వే. తీసినంకనే తెచ్చినవ్," అన్నాడు ధర్మేందర్.

"నేనైతే పుల్ల వంచను," అన్నాడు విశ్వతేజ. జీవితంలో మొదటిసారి అవమానం జరిగినవాడిలా చూశాడు. దొంగ అన్నందుకు కాదు, పని తెలియనివాడు అన్నందుకు.

సుప్రజ పెట్టె చుట్టూ తిరిగి దూడ వెనకవైపుకి వచ్చింది. తోక మీద నీటి మెరుపు ఒకచోట చెదిరి ఉంది. "ఇదేమిటి?"

"అదే నిన్న చివర్న వేసిన వార్నిష్. నీళ్లు కారుతున్నట్టు కనిపించడానికి. ఉదయం దాకా ఆరదు, ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పి వెళ్లాను."

ఆమె చిన్న పట్కారుతో అక్కడ అంటుకున్నదాన్ని పైకి లాగింది. ముదురు నీలం నూలుపోగు. దాన్ని కాగితంలో మడిచి చేతిసంచిలో వేసుకుంది. గదిలో జనార్ధన్ తెల్ల చొక్కా వేసుకున్నాడు, విశ్వతేజ పసుపు టీషర్టు, సుప్రజ గళ్ల చుడీదారు. ధర్మేందర్ ఒక్కడే, ఈ ఎండలో కూడా మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ముదురు నీలం యూనిఫాంలో ఉన్నాడు. కానీ పోగు ఒక్కటి చాలదు. కాపలా ఉన్నవాడు పెట్టె సర్దానంటే అయిపోయె. అసలు ఎందుకు తీసినట్టు?

"విశ్వతేజ గారూ, ఒకసారి వరండాలోకి రండి," అంది.

వరండాలో అతను తన ట్యాబ్ తెరిచాడు. సినిమాలో ఆ ఒక్క సీనునే వందల ముక్కలుగా ఆపి, పెద్దవి చేసి దాచుకున్నాడు.

"ఆ చెయ్యిలో ప్రత్యేకం ఏముంది?"

"అన్నీ ప్రత్యేకమేనండీ. నరం మీదుగా పోయే నరం ఒకటుంది. తడిసిన వెంట్రుకలు ఒకవైపుకి పడుకుని ఉంటాయి, ఒక్కొక్కటీ విడిగా వేశాను. చర్మం రంగుకి ముందు ఎరుపు వేసి, దాని మీద గోధుమ పలచగా..."

"దొంగకి పనికొచ్చేది చెప్పండి."

విశ్వతేజ ఆలోచించాడు. "మణికట్టు పైన పచ్చబొట్టు ఉందండి. ఆకుపచ్చ పాతబడి నీలంలోకి తిరిగిన రంగు. అది కలపడానికి నా ప్రాణం పోయింది." తెరను పెద్దది చేసి చూపించాడు. దూడ కాళ్లు పట్టుకున్న తడి చేతి మీద, నురగలో సగం మునిగి, చిన్న అక్షరాలు. ‘ఆమని.’

"థియేటర్లో ఎవరికీ కనిపించదు. క్షణంలో పోతుంది. ఆపి చూస్తేనే. పాత్రకి పెళ్లాం పేరేమో అనుకుని ఉన్నదున్నట్టు వేశాను."

సుప్రజ ఆ పేరును రెండుసార్లు చదివింది. తర్వాత లోపలికి వెళ్లింది. ధర్మేందర్‌ని గేటు దగ్గరికి పంపించమని జనార్ధన్‌ని అడిగి, తలుపు దగ్గరికి వేసి, ఆయనకి ఎదురుగా కూర్చుంది.

పొట్టి చేతుల తెల్లచొక్కా. బల్ల మీద చాపిన ఎడమచెయ్యి. బంగారు గొలుసు, వాచీ, కాస్త కొవ్వు. పచ్చబొట్టు లేదు.

"బొమ్మ చేతి మీద పచ్చబొట్టు ఉందటండీ," అంది.

జనార్ధన్ రెప్ప వెయ్యలేదు. "ఉంటది. మేకప్పోళ్లు ఏసిన్రు."

"మీకు గుర్తుందా?"

"గుర్తులేకపోవుడేంది? గంటసేపు కూసోబెట్టిన్రు."

"ఏమని రాశారు?"

ఆయన చూపు పైకప్పు మీదికి పోయి, ఫ్యాను చుట్టూ తిరిగి, కిందికి వచ్చింది. "ఏమంటే... రాధమ్మ అని. నా భార్య పేరే రాయుమన్న."

"ఆమని అని ఉంది."

జనార్ధన్ చేతిని మెల్లగా బల్ల మీదినుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ చెయ్యి మీది కాదు," అంది సుప్రజ. "దూకింది మీరు కాదు."

ఆయన లేచి తలుపు గడియ పడిందో లేదో చూసి వచ్చాడు. కూర్చున్నప్పుడు మనిషి ఇంకాస్త చిన్నగా కనిపించాడు. "పుట్టినకాడికెల్లి గా బాయి జూస్తనే ఉన్న మేడమ్. గా రోజు దాని మొఖమే మారిపోయింది. డైరెక్టర్ రెడీ అన్నడు. లోపటికి తొంగిచూసిన. అడుగు ముందటికి పడలే. ఏం జెయ్యాలె? ఊరంత కూసోని జూస్తాంది. కడుపుల నొప్పి అని ఇంట్లకు పోయిన. జనాన్ని పంపించి, ఇంకొకలతోని దుంకిపిచ్చిన్రు."

"ఎవరితో?"

"ఎవలో. సినిమోళ్లు తెచ్చుకున్నరు," అన్నాడు, మరీ తొందరగా. తర్వాత గొంతు తగ్గించి, "గిది బైటికి పోతె నేను ఈ ఊర్ల తిరగలేను. రాధకైతె అస్సలు తెల్వద్. ఏడాది సంది నా ముందట గా సీను వచ్చినప్పుడల్ల చప్పట్లు కొడుతది."

పచ్చబొట్టు సంగతే తెలియని మనిషి దానికోసం చెయ్యి తియ్యడు. సుప్రజ లేచింది. ఎందుకో ఆయన మీద జాలి వేసింది. అబద్ధం చెప్పినవాడి ముఖంలా లేదది. తను చెప్పిన కథను తానే అందరికన్నా ఎక్కువ ఇష్టపడ్డవాడి ముఖంలా ఉంది.

గేటు దగ్గర ధర్మేందర్ విశ్వతేజ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. స్నేహంతో వేసిన చెయ్యి కాదు.

"మేడమ్, మీ పని అయితె బయల్దేరుండ్రి. ఠాణా నుంచి వస్తున్నరు. ఈయన పేరు రాసుకుంటరు."

విశ్వతేజ ముఖం పాలిపోయింది. "ఇది మా కంపెనీలో తెలిస్తే ఉద్యోగం ఉండదండీ," అన్నాడు సుప్రజతో.

"ఏం కాదు," అంది ఆమె, ధర్మేందర్‌కి వినపడేలా. "మీ రంగుల పెట్టె కారులోనే ఉంది కదా? కూర్చుని ఇంకో చెయ్యి చెయ్యండి. మీ ట్యాబ్‌లో ఫోటో ఉందిగా. జనార్ధన్ గారి సంతోషం కోసం ఈసారి ఆ అక్షరాలు కాస్త లావుగా రాయండి. ముందు వరసలో కూర్చున్నవాళ్లకి కూడా కనపడాలి."

"ఏ అక్షరాలైన గంత లావుగ..." ధర్మేందర్ అందుకున్నాడు. "వద్దు. గా పేరు మళ్ల రాయొద్దు."

"ఏ పేరు?"

అతని చెయ్యి విశ్వతేజ భుజం మీదినుంచి జారింది.

"చెయ్యి పోయిందని అందరికీ తెలుసు," అంది సుప్రజ. "దాని మీద పేరుందని విశ్వతేజకీ నాకూ తెలుసు. జనార్ధన్ గారికి ఇప్పుడే నేను చెప్పాను. బొమ్మ చెయ్యి లేకుండానే వచ్చిందన్న మీరు దాని మీద పేరు ఎప్పుడు చదివారు?"

ఆమె చేతిసంచిలోంచి కాగితం తీసి విప్పింది. "ఇది మీ చొక్కాది. తోక మీద అంటుకుంది. ఇక మీ ఎడమచేతి గుండీ విప్పి చూపిస్తే మిగతాది నేను అడగను."

ఎదురుబొదురు ఎంక్వైరీల్లో ఎన్నిసార్లు ఎదురుపడ్డా, అతను ఇంత అలసిపోయి కనపడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. మెల్లగా గుండీ విప్పాడు. పచ్చబొట్టు అక్కడే ఉంది. విశ్వతేజ దాని మీదికి వంగి, "రంగు సరిగ్గానే కలిపాను," అన్నాడు తృప్తిగా.

"ఆమని నా భార్య మేడమ్," అన్నాడు ధర్మేందర్. "షూటింగ్‌ల సెక్యూరిటీ నాదే ఉండె. అన్నది నాది ఒకటే ఒడ్డు, ఒకటే పొడుగు. దుంకుమన్నరు, దుంకిన. ఎవలికి చెప్పనని మైసమ్మ మీద ఒట్టేసిన. నిన్న బొమ్మ దించినంక గుడ్డ లేపి జూసిన. జూస్తె ఏంది? అన్న చెయ్యి మీద నా పెండ్లాం పేరు." విప్పిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. "మా ఆమని గీ ఊరి అంగన్‌వాడీల పనిజేస్తది. ఊర్ల ఆమని అంటె ఆమె ఒక్కతే. గిది జనం జూస్తె రేపటి సంది ఏమనుకుంటరు? నిజం చెప్పుదమంటె ఒట్టు. చెప్పకుంటె గిది. పరేషానై తీసిన."

"అందుకని ఈయన్ని దొంగని చేశారు."

"తప్పైంది."

"నాకు కాదు చెప్పవలసింది."

ధర్మేందర్ విశ్వతేజ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. తర్వాత తన మోటార్‌సైకిల్ డిక్కీ తెరిచి, అన్నం గిన్నె మూత తీశాడు. చేతిరుమాలులో చుట్టిన చిన్న చెయ్యి అందులో ఉంది. పక్కన వంకాయ కూర.

విశ్వతేజ దాన్ని అందుకుని వెలుగులో తిప్పి చూసుకున్నాడు. "నూనె తగల్లేదు," అన్నాడు. అంతటితో అతను క్షమించేసినట్టే.

"అతికించడానికి ఎంతసేపు?" అంది సుప్రజ.

"ఎంతోసేపు పట్టదు. కానీ పేరు చెరపమంటే చెరపను. ఉన్నదాన్ని లేదని వెయ్యడం నాకు చేతకాదు."

ధర్మేందర్ ముఖం మళ్లీ నల్లబడింది. సుప్రజ ఆ చిన్న చేతిని చూస్తూ ఆలోచించింది.

"బావి గోడ పట్టుకుని పైకి వచ్చిన మనిషి కదా. మట్టి అంటుకోదా?"

విశ్వతేజ కళ్లు చికిలించాడు. ట్యాబ్ తెరిచి మళ్లీ చూశాడు. "అంటుకోవాలి," అన్నాడు నెమ్మదిగా. "ఎర్రమట్టి. మణికట్టు పైన. అసలు మొదటే వెయ్యవలసింది." అప్పటికే అతను కారు వైపు పరుగెత్తుతున్నాడు.

ధర్మేందర్ సుప్రజ వంక చూశాడు. "అన్నకు చెప్తరా?"

"చెయ్యి దొరికిందని చెబుతాను. ఎక్కడ దొరికిందో అడిగితే దూడ కిందే పడి ఉందంటాను. మీరు ఠాణాకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి."

అతను ఫోను చెవి దగ్గర పెట్టుకునేలోపే షామియానా వైపునుంచి మైకు గరగరలాడింది. ఆడగొంతు. జనార్ధన్ భార్య రాధమ్మ.

"అందరికీ దండాలు. బొమ్మ మీది గుడ్డ తీసుడు తర్వాత. ముందుగాల అసలు మనిషినే జూడుండ్రి. సినిమాల జూసినోళ్లు జూసిన్రు, జూడనోళ్లు జూడలే. ఇయ్యాల మా ఆయన అదే బాయిల, మీ అందరి ముందట, డూప్ లేకుండ మళ్ల దుంకుతడు. లేగను గూడ తెప్పిచ్చిన."

జనం ఈలలు వేశారు. సుప్రజ ఇంటి వెనక్కి పరుగెత్తింది, ఆమె వెనకే ధర్మేందర్.

బావి గట్టు చుట్టూ అప్పటికే జనం మూగారు. మెడలో దండతో జనార్ధన్ గట్టు మీద నిలబడ్డాడు. పక్కన నిజం లేగదూడ గడ్డి నములుతోంది. దానికి దూకే ఉద్దేశం ఏమాత్రం లేదు. రాధమ్మ పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, మైకు చేతపట్టుకుని, తాపీగా చూస్తోంది.

సుప్రజ ఆమె చెవి దగ్గర వంగింది. "రాధమ్మ గారూ, వద్దనండి. మీకు తెలియదు..."

"ఏం తెల్వద్ బిడ్డా?" రాధమ్మ మైకుని పక్కకి దించింది. "ముప్పై ఏండ్ల సంది ఆయన చేతులకు నూనె రాస్తున్న. తెరమీది చెయ్యి ఆయనది కాదని మొదటాటకే తెల్వద? చెప్తడేమో, చెప్తడేమో అని ఏడాది ఆగిన. నిన్న పడుకునేటప్పుడు గూడ నాకే చెప్పిండు, బాయి ఎట్ల దుంకిండో. ఇగ నాతోని కాదు. ఇప్పుడు భయమైతాందని ఒక్క మాటంటడు. నవ్వుకుంటం, అన్నం తింటం. అంతే."

గట్టు మీద జనార్ధన్ బావిలోకి చూశాడు. తర్వాత జనాన్ని చూశాడు. చివరికి భార్యను చూశాడు. రాధమ్మ చిన్నగా తల ఊపింది, చెప్పు అన్నట్టు. ఆ చూపులో ఆయనకు అంతా అర్థమైందని సుప్రజకు తెలిసింది. ఆయన నోరు తెరిచాడు.

నోరు మూసుకుని, మెడలో దండ తీసి దూడ మెడలో వేసి, కళ్లు మూసుకుని జనార్ధన్ బావిలోకి దూకేశాడు.

చప్పుడు బాగా కిందినుంచి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. రాధమ్మ కొట్టలేదు. కొంగు నడుము దగ్గరినుంచి జారిపోయినా చూసుకోలేదు. చేతిలో మైకు తనకు తెలియకుండానే పైకి లేచింది.

"దుంకిండేంది," అంది. గొంతులో ఇందాకటి తాపీ లేదు. "బిడ్డా, ఆయనకు ఈత రాదు."

ఆ మాట షామియానా నాలుగు మూలల్లోని స్పీకర్లలోంచి ఊరంతటికీ వినిపించింది. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బావిలో నీళ్లు కదులుతున్నాయి, తల మాత్రం పైకి రాలేదు. ఊరు ఊరంతా చూస్తుండగా ధర్మేందర్ చొక్కా విప్పి పారేసి, ఎడమచేతి మీది పేరు దాచుకోకుండా గట్టు మీదికి ఎగిరాడు.